ధరల మీద అదుపు వదిలేసిన దేశాల్లో ఉక్కుమనుషులు ఎందుకు వస్తున్నారు?

గోదారిగట్టు
శనివారం, ఉదయం 7.20

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఈ సెమిస్టర్‌లో నయా ఉదారవాదం మీద నాలుగు క్లాసులు తీసుకోవాలి. ధరల మీద సర్కారు అదుపు ఎత్తేయడం, ప్రభుత్వ సంస్థలు అమ్మేయడం, సబ్సిడీలు కోసేయడం, సరుకుకీ పెట్టుబడికీ సరిహద్దులు తెరవడం... ఇంతవరకు పిల్లలకు బాగానే అర్థమైంది. నిన్న చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది. "సార్, చిలీలో నియంత వచ్చాక ఈ విధానాలు వచ్చాయన్నారు. రష్యాలో ఈ విధానాలు వచ్చాక నియంత వచ్చాడన్నారు. ఇంతకీ ఏది దేన్ని తెస్తుంది?"

సూటి జవాబు నా నోటికి రాలేదు. సోమవారం చెబుతానన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడ రష్యాలో చదివిన డాక్టర్ గారు ఉన్నారు, పాలిటిక్స్ మాస్టారు ఉన్నారు. దయచేసి సాయం చేయండి.

మోడరేటర్
శనివారం, ఉదయం 7.45

మంచి ప్రశ్న. ఒక్క విన్నపం: మన దేశంలో ఇప్పుడున్న పార్టీల మీద వేరే చర్చలు నడుస్తున్నాయి, ఆ గొడవ ఇక్కడికి తేవద్దు. తెలిసిన దేశం గురించి తెలిసినంత రాయండి.

రిటైర్డ్_లెక్చరర్
శనివారం, ఉదయం 9.05

నాయనా, చిలీ సంగతి నేను చెబుతాను, అక్కడ వరస స్పష్టంగా ఉంది.

షికాగో విశ్వవిద్యాలయానికీ శాంతియాగోలోని కాథలిక్ విశ్వవిద్యాలయానికీ 1950ల మధ్యలో ఒక ఒప్పందం జరిగింది. చిలీ కుర్రాళ్లు షికాగో వెళ్లి అర్థశాస్త్రం చదివి వచ్చారు. పదిహేనేళ్లకు పైగా వాళ్ల మాట ఎవరూ వినలేదు. ఓట్లు అడిగే ఏ పార్టీకీ ఆ కార్యక్రమం పనికి రాలేదు. వాళ్లు తయారు చేసిన పత్రం లావుగా ఉండేదట, అందుకే దాన్ని 'ఇటుక' అనేవారు. 1973 సెప్టెంబర్ 11న సైన్యం అధ్యక్ష భవనం మీద బాంబులు వేసింది, సోషలిస్టు అధ్యక్షుడు అలెండే చనిపోయాడు. ఆ ఇటుక సైనికాధికారుల బల్లల మీదికి చేరింది.

1975 మార్చిలో షికాగో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ చిలీ వెళ్లి సైనిక పాలకుడు పినోషేను కలిశాడు. ద్రవ్యోల్బణానికి మందు మెల్లగా కాదు, ఒక్కసారే వేయాలన్నది ఆయన సలహా. వేశారు. వేసేటప్పుడు అడ్డు చెప్పడానికి పార్లమెంటు లేదు, యూనియన్లు లేవు, స్వేచ్ఛగా రాసే పత్రికలు లేవు. మొత్తం సైనిక పాలనలో చనిపోయినవాళ్లూ మాయమైనవాళ్లూ 3,000 పైమాటే.

ఇంకో పెద్దాయన హయెక్, స్వేచ్ఛా మార్కెట్‌ని సమర్థించిన ఆర్థికవేత్త. 1981లో అక్కడి పత్రికతో మాట్లాడుతూ, ఉదారవాదం లేని ప్రజాస్వామ్యం కన్నా ఉదారంగా ఉండే నియంతే నాకు నయం అన్న అర్థంలో చెప్పాడు. ఇది ఆయన నోరు జారి అన్న మాట కాదు, ఆయన ఆలోచన అంతా అటే నడిచింది. ఓటుకి అందని చోట మార్కెట్‌ని పెట్టాలని వాళ్లు నిజంగానే నమ్మారు.

నన్ను ఎప్పుడూ కలవరపెట్టే వివరం ఒకటుంది. 1981లో పెన్షన్లను ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. అందులో చేరిన ప్రతి ఉద్యోగీ జీతంలో పది శాతం వేయాలి. సైనికులకూ పోలీసులకూ మాత్రం పాత ప్రభుత్వ పెన్షనే ఉంచారు. అంత మంచి పథకమైతే తెచ్చినవాళ్లు ముందు తమకే పెట్టుకునేవారు కదా!

సర్కారు_లెక్కలు
శనివారం, ఉదయం 10.30

మాస్టారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. 1991కి ముందు స్కూటర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. సంస్కరణలంటేనే నియంతృత్వానికి తలుపు అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోలేను.

న్యూజీలాండ్‌లో 1984 నుంచి చేసినంత వేగంగా సంస్కరణలు చాలా తక్కువ దేశాలు చేశాయి. అక్కడ నియంత రాలేదు. ఎస్తోనియా 1990లలో సోవియట్ నుంచి విడిపోయి, అందరికీ ఒకే రేటు పన్ను పెట్టి, సరిహద్దులు బార్లా తెరిచింది. ఇవాళ్టికీ శుభ్రమైన ప్రజాస్వామ్యం. పోలెండ్‌లో 1990 జనవరి 1న షాక్ థెరపీ, అంటే సంస్కరణలన్నీ ఒక్కసారే తేవడం, మొదలుపెట్టారు, రెండేళ్లు ఏడ్చారు, తర్వాత యూరప్‌లోనే బాగా ఎదిగారు. అటు చూస్తే, ఏ నయా ఉదారవాదమూ లేకుండానే మన దగ్గర 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. మరి కారణం ఎక్కడుంది?

డాక్టర్_ఖిమ్కీ
శనివారం, మధ్యాహ్నం 2.10

నా దగ్గర సిద్ధాంతం ఏమీ లేదు. కళ్లారా చూసింది రాస్తాను. పొడుగైతే ఓర్చుకోండి.

1991 సెప్టెంబర్‌లో మెడిసిన్ చదవడానికి మాస్కో వెళ్లాను. మా నాన్నగారు విశాలాంధ్ర బుక్‌హౌస్‌లో కొనిచ్చిన సోవియట్ తెలుగు పుస్తకాలు చదివి పెరిగాను. ఆ దేశం మీద ఒక బొమ్మ ఉండేది మనసులో. నేను దిగిన నాలుగు నెలలకు ఆ దేశమే లేకుండా పోయింది.

1992 జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తేశారు. అంతకు ముందు షాపుల్లో డబ్బుకి సరుకు దొరికేది కాదు, ఇప్పుడు సరుకుంది, డబ్బు చాలదు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు సుమారు 26 రెట్లయ్యాయి. జనవరి ఆఖరులో, ఎవరైనా ఎక్కడైనా ఏదైనా అమ్ముకోవచ్చని అధ్యక్షుడు యెల్త్సిన్ ఇంకో ఆదేశం ఇచ్చాడు. మర్నాటి నుంచి మెట్రో స్టేషన్ల బయట మనుషులు వరసగా నిలబడ్డారు. దుకాణాలు కావు, బల్లలు కూడా లేవు. మంచులో భుజం భుజం ఆనించి నిలబడి ఒకావిడ చేతిలో ఒక జత బూట్లు, పక్కావిడ చేతిలో రెండు డబ్బాల చేప, ఆ పక్కన పెద్దాయన చేతిలో యుద్ధంలో వచ్చిన పతకాలు.

ఆ శరదృతువులో హాస్టల్ వదిలి ఖిమ్కీలో ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. మాస్కోకి ఆనుకుని ఉండే ఊరు. రెచ్నోయ్ వోక్జాల్ మెట్రో దాకా బస్సు. ఆవిడ ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసి రిటైరైంది. బ్యాంకులో 3,000 రూబుళ్లు ఉండేవి, తన అంత్యక్రియలకీ పల్లెలో ఉన్న చిన్న ఇంటి కప్పుకీ అని దాచుకుంది. ఆ ఏడు చివరికి ఆ డబ్బుతో చలికాలం బూట్లు కూడా వచ్చేవి కావు. ఆదివారాలు ఆవిడ కూడా మెట్రో దగ్గర నిలబడేది. భర్త వాడిన కెమెరా పోయింది. తర్వాత అల్లిన టేబుల్ క్లాత్‌లు. తర్వాత గాజు గ్లాసుకి తొడిగే లోహపు పిడులు, వాళ్లు టీ తాగేవి, ఆరింటిలో నాలుగు అమ్మింది. సాయంత్రం నాకు టీ ఇచ్చేటప్పుడు మిగిలిన రెండూ తెచ్చేది.

నేను చేరిన నెలలోనే వోచర్లు పంచడం మొదలైంది. దేశంలో ప్రతి మనిషికీ ఒకటి, మీద 10,000 రూబుళ్లని అచ్చు. ఫ్యాక్టరీలన్నీ ప్రజలవి, మీ వాటా మీరు తీసుకోండన్నారు. ఒక్కో వోచరు రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందని ఆ పథకం నడిపిన చుబైస్ చెప్పాడు. మా ఇంటావిడ తన వోచరుని ఒక పెట్టుబడి కంపెనీలో వేసింది. రసీదు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టుకుంది. ఏడాదిన్నరకు కంపెనీ ఆఫీసుకి తాళం. రసీదు మాత్రం నేను వచ్చేసేదాకా అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. 1993లో పార్లమెంటు ఈ విధానాలకు అడ్డం తిరిగింది. సెప్టెంబర్ 21న యెల్త్సిన్ పార్లమెంటుని రద్దు చేశాడు. రాజ్యాంగంలో ఆయనకి ఆ హక్కు లేదు. అక్టోబర్ 4న ట్యాంకులు వచ్చి పార్లమెంటు భవనాన్ని పేల్చాయి. ఆ రోజు నా పాత హాస్టల్ కామన్ రూమ్‌లో టీవీ ముందు కూర్చుని చూశాం, తెల్లటి భవనం పైఅంతస్తులు నల్లగా మాడిపోవడం. అధికారిక లెక్క ప్రకారమే సుమారు 150 మంది చనిపోయారు. ఆ పార్లమెంటులో అందరూ మంచివాళ్లని నేననను. ముందురోజు వాళ్ల మనుషులే తుపాకులతో టీవీ కేంద్రం మీదికి వెళ్లారు. కానీ అమెరికా, యూరప్ ప్రభుత్వాలు యెల్త్సిన్ వైపే నిలబడ్డాయి. ఆయన సంస్కర్త కదా! డిసెంబర్‌లో కొత్త రాజ్యాంగం వచ్చింది, అధికారమంతా అధ్యక్షుడి చేతిలో పెడుతూ.

పుతిన్ తర్వాత కూర్చున్న కుర్చీ అదే. ఆ కుర్చీ చేసింది పుతిన్ కాదు, సంస్కరణలు కాపాడుకోవడానికి యెల్త్సిన్ చేయించుకున్నాడు. మీ విద్యార్థినికి నేను చెప్పగలిగింది ఇదే.

గోదారిగట్టు
శనివారం, మధ్యాహ్నం 3.00

డాక్టర్ గారూ, రెండుసార్లు చదివాను. ఇది నేను పిల్లలకు చదివి వినిపించవచ్చా?

డాక్టర్_ఖిమ్కీ
శనివారం, మధ్యాహ్నం 3.15

తప్పకుండా.

సర్కారు_లెక్కలు
శనివారం, సాయంత్రం 5.40

చదువుతుంటే మనసు కలిచివేసింది డాక్టర్ గారూ. అయినా ఒక వాస్తవం ముందు పెట్టాలి. 1993 ఏప్రిల్‌లో రెఫరెండం, అంటే ఒక ప్రశ్న మీద నేరుగా జనం ఓటు, పెట్టారు. యెల్త్సిన్ ఆర్థిక విధానాన్ని సమర్థిస్తున్నారా అని సూటిగా అడిగారు. 53 శాతం అవునన్నారు. కాబట్టి ప్రజలకు ఇష్టం లేనిది నెత్తిన రుద్దారన్నది పూర్తి నిజం కాదు.

రెండోది, 26 రెట్ల ధరలకు కారణం సంస్కరణ ఒక్కటే కాదు. సోవియట్ చివరి ఏళ్లలో సరుకు లేకుండా నోట్లు అచ్చేశారు, ఆ ఒత్తిడి మూత తీయగానే పొంగింది. మూత ఎవరు తీసినా పొంగేదే.

డాక్టర్_ఖిమ్కీ
శనివారం, సాయంత్రం 6.30

రెండూ ఒప్పుకుంటాను. ఏప్రిల్‌లో మా ఇంటావిడ కూడా అవుననే వేసింది. పాత క్యూలు మళ్లీ వద్దనుకుంది. ఇంకాస్త ఓపిక పడితే బాగుపడుతుందని అందరూ అన్నారు, నమ్మింది.

అదే ఏడు డిసెంబర్‌లో, ట్యాంకులు పేల్చిన రెండు నెలలకు, కొత్త సభకు ఎన్నికలు జరిగాయి. పార్టీ జాబితాల ఓట్లలో మొదటి స్థానం ఎవరికి వచ్చిందో చూడండి. సంస్కర్తలకు కాదు, కమ్యూనిస్టులకు కూడా కాదు. జిరినోవ్‌స్కీకి, సుమారు 23 శాతం. బల్లలు గుద్ది, పక్క దేశాలను ఆక్రమిస్తానని అరిచే మనిషి. 53 శాతం అవునన్న దేశం ఎనిమిది నెలల్లో అక్కడికి చేరింది. ఆ మధ్యలో జరిగినదాన్నే నేను చూడమంటున్నాను.

నీలవేణి
శనివారం, రాత్రి 8.15

నేను పెద్ద చదువులు చదవలేదు, ఈ చర్చలు రోజూ చదువుతుంటాను. డాక్టర్ గారు రాసింది చదువుతుంటే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

మాది కర్నూలు జిల్లా. 2000లో కరెంటు చార్జీలు పెంచినప్పుడు మా నాన్న బోరు మోటారు బిల్లు చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చుండిపోయాడు. ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది, అందుకే పెంచారని ఊళ్లో అందరూ అనేవాళ్లు. ఆ ఆగస్టు 28న హైదరాబాద్‌లో బషీర్‌బాగ్ దగ్గర ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. మా ఊరి నుంచి కూడా లారీలో వెళ్లారు.

కానీ మాకు ఉక్కుమనిషి రాలేదు కదా. 2004లో ఎన్నికలొచ్చాయి, కరెంటు ఉచితమని ఒకరు వచ్చారు, మా నాన్న ఓటు అటు వేశాడు. ప్రమాణ స్వీకారం రోజే ఆ సంతకం అయింది. నాన్న బాకీ మాఫీ కాగితం చాలా ఏళ్లు దాచుకున్నాడు. మరి రష్యావాళ్లకు ఇలా ఎందుకు జరగలేదు? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

రిటైర్డ్_లెక్చరర్
శనివారం, రాత్రి 9.00

అమ్మా నీలవేణీ, పెద్ద చదువులు చదవలేదని ఇంకెప్పుడూ అనకు. ఈ చర్చ మొత్తానికి కీలకమైన ప్రశ్న నువ్వే అడిగావు.

మీ నాన్నగారి కోపానికి ఒక తలుపు ఉంది. ఒక పార్టీ పెంచింది, ఇంకో పార్టీ తగ్గిస్తానంది, తగ్గించింది. రష్యాలో ఆ తలుపుని 1993లో ట్యాంకులతో మూశారు. 1996లో ఇంకోసారి మూశారు. ఆ ఏడు మొదట్లో యెల్త్సిన్‌కి సర్వేల్లో మద్దతు పది శాతం లోపే. ఎదురుగా కమ్యూనిస్టు జ్యుగానోవ్. అంతకు ముందు ఏడాది చివర్లోనే ప్రభుత్వానికి అప్పిచ్చిన బ్యాంకర్లకు చమురు, నికెల్ కంపెనీలు తాకట్టు పేరుతో కట్టబెట్టారు. యూకోస్‌లో 45 శాతం వాటా 15.9 కోట్ల డాలర్లకు పోయింది, నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతం 17 కోట్లకు. ఆ బ్యాంకర్లే టీవీ చానెళ్లనూ డబ్బునూ యెల్త్సిన్ వెనక నిలబెట్టారు. ఎన్నికలకు నాలుగు నెలల ముందు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) సుమారు 1,000 కోట్ల డాలర్ల రుణం ప్రకటించింది. రెండో రౌండులో యెల్త్సిన్ 54 శాతంతో గట్టెక్కాడు.

ఏ ఓటు వేసినా బతుకులో మార్పు రాదని జనానికి పదేపదే నేర్పితే, వాళ్లు విధానాలు చూడటం మానేసి మనిషిని చూస్తారు. ఇతను గట్టివాడా, దొంగల్ని కొడతాడా అని మాత్రమే చూస్తారు. చిలీలో మార్కెట్ కోసం ఓటుని తీసేశారు. రష్యాలో ఓటు ఉంచి దాని పని తీసేశారు. నాకు రెండిటికీ మూలం ఒకటేననిపిస్తుంది: రొట్టె ధర, పెన్షను, అప్పు లాంటివి జనం నిర్ణయించే విషయాలు కావన్న నమ్మకం. గోదారిగట్టు, మీ అమ్మాయికి ఇది చెప్పి చూడండి.

బుడాపెస్ట్_నుంచి
ఆదివారం, తెల్లవారుజామున 1.50

ఇక్కడ ఇంకా రాత్రే. తొమ్మిదేళ్లుగా హంగరీలో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. రష్యా ఉదాహరణ చాలా పెద్దది, ట్యాంకులున్నాయి. హంగరీలో ఒక్క తూటా పేలలేదు, అందుకే రాయాలనిపించింది.

2000ల్లో ఇక్కడి బ్యాంకులు ఇళ్లకీ కార్లకీ స్విస్ ఫ్రాంకుల్లో అప్పులిచ్చాయి. జీతం ఇక్కడి కరెన్సీ ఫోరింట్లలో, అప్పు ఫ్రాంకుల్లో. వడ్డీ తక్కువని అందరూ ఎగబడ్డారు. 2008 మొదట్లో ఒక ఫ్రాంకు 150 ఫోరింట్ల చిల్లర. 2011 వేసవికి 240 దాటింది. అదే ఇల్లు, అదే జీతం, వాయిదా మాత్రం ఒకటిన్నర రెట్లయింది. మా టీమ్‌లో ఒకతని తల్లిదండ్రులు ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున్నే ఫ్రాంకు రేటు చూసి వంటింటి క్యాలెండర్ మీద రాసుకునేవారట. ఆ క్యాలెండర్లు అతని దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, నేను చూశాను. కొన్ని నెలల్లో అంకె చుట్టూ పెన్నుతో రెండుసార్లు గీత.

అప్పుడున్న ప్రభుత్వం సోషలిస్టు పేరున్నదే. 2006లో వాళ్ల ప్రధాని పార్టీ లోపలి సమావేశంలో, మేం పొద్దున, రాత్రి అబద్ధాలే చెప్పామని ఒప్పుకున్న టేపు బయటపడింది. 2008లో ఐఎంఎఫ్, యూరోపియన్ యూనియన్, ప్రపంచ బ్యాంకు కలిసి 2,000 కోట్ల యూరోల ప్యాకేజీ ఇచ్చాయి. షరతు ఏమిటంటే ఖర్చు తగ్గించడం. పెన్షనర్లకు ఏడాదికోసారి అదనంగా ఇచ్చే 13వ నెల పెన్షన్ పోయింది. పేదల పార్టీయే పేదల మీద కోత పెడితే పేదవాడు ఎటు పోవాలి? 2010లో ప్రతిపక్ష నాయకుడు ఓర్బాన్‌కి సభలో మూడింట రెండొంతుల సీట్లు.

ఆయన బ్యాంకుల మీద పన్ను వేశాడు. ఫ్రాంకు 180 ఫోరింట్ల లెక్కన ఒకేసారి అప్పు తీర్చేయొచ్చన్నాడు. చేతిలో డబ్బున్నవాళ్లు తీర్చేశారు, లేనివాళ్లు మిగిలిపోయారు. ఆ మిగిలినవాళ్ల అప్పుల్ని తర్వాత ఫోరింట్లలోకి మార్చారు, అప్పటికి పెరిగిపోయిన రేటుకే. అయినా ఎవరో ఒకరు బ్యాంకుని ఎదిరించాడన్న తృప్తి మా సహోద్యోగి తల్లిదండ్రులకు కలిగింది. వాళ్లని నేను తప్పు పట్టలేను.

అదే సమయంలో కోర్టుల్లో జడ్జీల రిటైర్‌మెంట్ వయసు 70 నుంచి 62కి దించి పాతవాళ్లని పంపేశారు, రాజ్యాంగం మార్చారు, పత్రికలు సొంతవాళ్ల చేతికి వెళ్లాయి. ఇంకో సంగతి సర్కారు_లెక్కలు గారు గమనించాలి. ఓర్బాన్ నయా ఉదారవాదాన్ని తిట్టాడు గానీ అందరికీ ఒకే రేటు ఆదాయపు పన్ను పెట్టాడు. కంపెనీల పన్ను 9 శాతానికి దించాడు. వస్తువుల మీద వ్యాట్ 27 శాతానికి పెంచాడు, యూరోపియన్ యూనియన్‌లో అదే ఎక్కువ. నిరుద్యోగ భృతి మూడు నెలలకు కుదించాడు. 2018లో ఏడాదికి 400 గంటల దాకా ఓవర్‌టైమ్ చేయించుకోవచ్చని చట్టం తెచ్చాడు, జనం దాన్ని బానిస చట్టమన్నారు. జర్మన్ కార్ల ఫ్యాక్టరీలకు ఏ ఇబ్బందీ రాలేదు.

అంటే బ్యాంకు వాడి మీద కోపంతో గెలిచాడు, గెలిచాక ఫ్యాక్టరీ వాడి పక్షాన ఉన్నాడు.

సర్కారు_లెక్కలు
ఆదివారం, ఉదయం 8.20

తమ్ముడూ, చాలా వివరంగా రాశావు. విదేశీ కరెన్సీలో అప్పిచ్చి మారకపు రిస్క్ అంతా జీతగాడి నెత్తిన పెట్టడం తప్పే. నా వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, దాన్ని స్వేచ్ఛా మార్కెట్ అని నేను సమర్థించను. ఆ కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు వాళ్లకు వివరించాల్సిన బాధ్యత ఎవరో ఒకరికి ఉండాలి.

రాత్రి ఆలోచించాను. పోలెండ్ గురించి నేనే సగం చెప్పి ఆపాను. అక్కడ 2008 సంక్షోభంలో కూడా ఆర్థిక వ్యవస్థ కుంగలేదు. అయినా 2015లో పీఐఎస్ అనే జాతీయవాద పార్టీ గెలిచి కోర్టుల మీద పడింది. తిండి లేక వచ్చిన కోపం కాదది. తూర్పు జిల్లాల ఊళ్లలో బస్సులు ఆగిపోయాయి, కుర్రాళ్లు లక్షల్లో బ్రిటన్, ఐర్లండ్ వెళ్లిపోయారు. దేశం ఎదుగుతోందని వార్సాలో చెబుతుంటే, ఆ ఎదుగుదల తమ ఊరికి ఎప్పుడొస్తుందని వీళ్లు పాతికేళ్లు అడిగారు. పీఐఎస్ 2016లో రెండో బిడ్డ నుంచి నెలకు 500 జ్లోటీలు చేతిలో పెట్టింది. మొదటిసారి ఎవరో తమని చూశారనిపించింది. 2023లో అదే దేశం ఓటుతోనే వాళ్లని దించింది, ఆ సంగతీ మరవకూడదు.

ఎస్తోనియా, న్యూజీలాండ్ విషయంలో మాత్రం నా మాట మీద ఉంటాను. అక్కడ కోర్టులు నిలబడ్డాయి, ఓడిన ప్రభుత్వం ఇంటికి వెళ్లింది. న్యూజీలాండ్ జనం విసిగిపోయి 1993లో ఎన్నికల పద్ధతినే రెఫరెండంతో మార్చుకున్నారు. తలుపు తెరిచే ఉంది, మాస్టారన్నట్టు. కాబట్టి సంస్కరణ కన్నా సంస్కరణని ఎలా తెచ్చారన్నదే ముఖ్యమని నేనంటాను.

రిటైర్డ్_లెక్చరర్
ఆదివారం, ఉదయం 9.10

అక్కడిదాకా మనిద్దరం కలిశాం, సంతోషం. నేను ఇంకొక్క అడుగు వేస్తాను. కొన్ని సంస్కరణలు ఇంకో విధంగా తేలేరు, ఎందుకంటే అడిగితే జనం వద్దంటారు.

పెరూ చూడండి. 1990 అధ్యక్ష ఎన్నికల్లో ఫుజిమోరీ షాక్ వద్దని ప్రచారం చేసి గెలిచాడు. జులై చివర్లో ప్రమాణం, ఆగస్టు 8న షాక్. పెట్రోలు ఒక్క రాత్రిలో సుమారు 30 రెట్లు. టీవీలో ప్రకటన చదివిన మంత్రి, దేవుడే మనల్ని కాపాడాలి అని ముగించాడు. 1992 ఏప్రిల్ 5న ఫుజిమోరీ ట్యాంకులతో పార్లమెంటు మూశాడు. ద్రవ్యోల్బణంతో, షైనింగ్ పాత్ అనే మావోయిస్టు గెరిల్లాల హింసతో విసిగిన జనం చాలామంది చప్పట్లు కొట్టారు. అంటే ఓటు అడిగింది ఒకటి, చేసింది దానికి పూర్తిగా ఉల్టా.

నీలవేణి
ఆదివారం, ఉదయం 11.00

నాకు ఒక సందేహం. ఇంత కష్టపెట్టిన విధానాల మీద కోపంతో ఉక్కుమనిషిని తెచ్చుకుంటారు కదా, ఆ మనిషి వాటిని తీసేయకపోతే జనానికి కనపడదా? రష్యాలో పుతిన్ వచ్చాక ఏం మారింది?

డాక్టర్_ఖిమ్కీ
ఆదివారం, మధ్యాహ్నం 1.30

అమ్మా, కనపడుతుంది. కానీ ముందు ఇంకోటి కనపడుతుంది. అది చెప్పకపోతే మా ఇంటావిడకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

నేను వార్డుల్లో పనిచేసిన ఏళ్లలో రష్యా మగవాళ్ల సగటు ఆయుర్దాయం 1990లో సుమారు 64 ఏళ్లు ఉన్నది 1994కి 58 లోపుకి పడిపోయింది. దానికి ముఖ్య కారణం యుద్ధం కాదు, అంటురోగం కాదు. నలభై అయిదేళ్ల మనుషులు గుండెపోటుతో, తాగుడుతో, ఉరితో వచ్చేవారు. జీతాలు నెలల తరబడి వచ్చేవి కావు. 1996, 97ల్లో పెన్షన్ కూడా ఆగేది. ఆవిడ తపాలా ఆఫీసుకి వెళ్లి ఖాళీ చేతులతో వచ్చి, ఏమీ అనకుండా బంగాళాదుంపలు తరిగేది. 1998 ఆగస్టు 17న ప్రభుత్వం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. డాలరుకి 6 రూబుళ్లున్నది ఆ ఏడు చివరికి 20 దాటింది. అప్పటికి నేను వచ్చేశాను, ఉత్తరాల్లో రాసేది.

1999 ఆగస్టులో పుతిన్ ప్రధాని అయ్యాడు, డిసెంబర్ 31న యెల్త్సిన్ దిగిపోయి కుర్చీ ఇచ్చాడు. ఆ ఏడు చివరికి పెన్షన్ బాకీలు తీరాయి. తర్వాత ప్రతి నెలా తేదీకి వచ్చింది. దానికి అసలు కారణం చమురు ధర పెరగడం, రూబుల్ పడిపోయాక ఇంట్లో ఫ్యాక్టరీలు మళ్లీ నడవడం. అది లెక్కలు తెలిసినవాళ్ల మాట. ఆవిడకి తెలిసింది ఒక్కటే: ఆ తాగుబోతు ఇవ్వలేదు, ఈ కుర్రాడు ఇచ్చాడు. 2000 మార్చిలో అతనికే ఓటేసినట్టు రాసింది. పెన్షన్ అంటే ఆవిడకి డబ్బు మాత్రమే కాదు. మెట్రో దగ్గర నిలబడక్కర్లేని ఆదివారం.

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలిసిందే. 2001లో ప్రభుత్వాన్ని విమర్శించే ఎన్‌టీవీ అనే రష్యా చానెల్ చేతులు మారింది. 2003 అక్టోబర్‌లో యూకోస్ అధిపతి ఖోదర్‌కోవ్‌స్కీని అరెస్టు చేశారు, ధనికుల్ని కొడుతున్నాడని జనం సంబరపడ్డారు. కంపెనీ ఆస్తులు ప్రజలకు రాలేదు, అధ్యక్షుడి దగ్గరివాళ్లు నడిపే సంస్థకి పోయాయి. 2004లో గవర్నర్ల ఎన్నికలు రద్దు. ఆర్థికంలో మాత్రం 2001లోనే ధనికుడికీ పేదకీ ఒకే 13 శాతం పన్ను, యూనియన్లను బలహీనం చేసిన కొత్త కార్మిక చట్టం. సర్కారు_లెక్కలు గారు మెచ్చుకునే ఎస్తోనియా పన్ను లాంటిదే ఇది. 2018లో పెన్షన్ వయసు పెంచుతామని ప్రకటించిన రోజు మాస్కోలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మొదలైంది.

సర్కారు_లెక్కలు
ఆదివారం, మధ్యాహ్నం 2.20

ఎస్తోనియా పన్ను పద్ధతీ అప్పటి రష్యా పన్ను పద్ధతీ కాగితం మీద ఒకటే. ఒకచోట కోర్టు ఉంది, ఇంకోచోట లేదు. కానీ డాక్టర్ గారూ, మీరు చెప్పింది నేను ఎక్కడా చదవలేదు. ఆదివారం మెట్రో దగ్గర నిలబడక్కర్లేకపోవడం. నేను గ్రాఫుల్లో చూసింది వేరు.

గోదారిగట్టు
ఆదివారం, సాయంత్రం 6.00

రేపటి క్లాసుకి రాసుకుంటున్నాను. చిలీ, రష్యా, హంగరీ మూడూ బోర్డు మీద పక్కపక్కన పెట్టి, ప్రతి చోటా "ఇక్కడ జనం కాదంటే ఏమయ్యేది?" అని పిల్లల్నే అడగాలనుకుంటున్నాను. నీలవేణి గారి నాన్నగారి బిల్లు సంగతి కూడా చెబుతాను, అభ్యంతరం లేకపోతే.

డాక్టర్ గారూ, పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ పెద్దావిడకి చివరికి ఏమైంది?

నీలవేణి
ఆదివారం, సాయంత్రం 6.25

చెప్పండి సార్. నాన్న ఉంటే సంతోషించేవాడు.

డాక్టర్_ఖిమ్కీ
ఆదివారం, రాత్రి 9.50

ఆవిడ ఉత్తరాలు తీసి చూసి రాస్తున్నాను, అందుకే ఆలస్యమైంది.

2005 జనవరి 1 నుంచి పెన్షనర్లకున్న ఉచిత ప్రయాణం, మందుల రాయితీలు తీసేసి బదులుగా కొంత నగదు ఇస్తామన్నారు. ఇచ్చింది చాలలేదు. ఖిమ్కీ మాస్కో నగరం కిందికి రాదు, కాబట్టి అక్కడి ముసలివాళ్లకు మెట్రో దాకా వెళ్లే బస్సు కూడా డబ్బైంది. జనవరి 10న వాళ్లు వెళ్లి లెనిన్‌గ్రాద్ హైవేకి అడ్డంగా నిలబడ్డారు, విమానాశ్రయానికి వెళ్లే కార్లన్నీ ఆగిపోయాయి. తర్వాత దేశమంతా పాకింది. కొన్ని వారాలకు ప్రభుత్వం తగ్గి, పెన్షన్ కొంత పెంచి చాలాచోట్ల పాసులు తిరిగి ఇచ్చింది.

ఆ ఫిబ్రవరి ఉత్తరమే నా దగ్గరున్న వాటిలో చివరిది. హైవే మీదికి తనూ వెళ్లానని రాసింది. కాళ్లు కొయ్యబారిపోయాయట. పక్కన నిలబడ్డావిడ మెట్రో దగ్గర పాత రోజుల్లో బూట్లు అమ్మినావిడే, ఇద్దరూ గుర్తుపట్టుకున్నారట. మొదటిసారి బస్సులో టికెట్ అడిగినప్పుడు చేతిసంచీ వెతుక్కుంటూ సిగ్గుతో చచ్చిపోయానని రాసింది. పుతిన్ గురించి ఒక్క ముక్క లేదు. కింద, ఎప్పటిలాగే మా అమ్మ ఆరోగ్యం అడిగి, మీ దేశంలో ముసలివాళ్లు బస్సెక్కితే టికెట్ కొనాలా అని అడిగింది.